గోడ దాటిన కేబుల్

"హెలికాప్టర్‌ని తుపాకీతో కూల్చడం పాత పద్ధతి. వీళ్లు మాటతో దింపుతారు," అన్నాడు చీఫ్ ఇస్మాయిల్.

నరసరావుపేట స్టేషన్ రోడ్డులో అదో జిరాక్స్ షాపు. ముందు గదిలో మెషీన్ ఆధార్ కార్డులు కక్కుతోంది. వెనక గదిలో, కాగితం కట్టల మధ్య, దేశ భద్రత గురించి మంతనాలు సాగుతున్నాయి. చీఫ్ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నవాడు ఏజెంట్ వై. అసలు పేరు యల్లమంద. సొంతూరు నకరికల్లు. నాలుగైదు భాషల్లో అలవోకగా అబద్ధాలాడతాడు, కోపమొస్తే మాత్రం పల్నాటి యాస బయటపడిపోతుంది.

చీఫ్ రికార్డర్ నొక్కాడు. ముందు బరబరమని శబ్దం. దాని అడుగున, నూతిలోంచి వచ్చినట్టు ఓ గొంతు. "కమ్ డౌన్... మోర్ లెఫ్ట్... హెచ్ కనిపిస్తోందా?"

"ఆ బరబర ఏంటి సార్?"

"కేబుల్ టీవీ లీకేజీ. వైరు లోపల ఉండాల్సిన సిగ్నల్ వదులు జాయింట్లలోంచి బయటికి కారి, పైలట్ల ఫ్రీక్వెన్సీ మీద పడుతోంది. గురజాల మీదుగా ఎగిరే పైలట్లు కంప్లైంట్ ఇస్తుంటే మనవాళ్లు 'కేబులోడి నిర్వాకంలే' అని వదిలేశారు. ఆ బరబర చాటున వైపర్ ముఠా దొంగ ట్రాన్స్‌మిటర్ పెట్టింది."

యల్లమంద వెన్ను నిటారైంది. వైపర్ అంటే రహస్యాలు కొనే, అమ్మే విదేశీ ముఠా. రహస్యం దొరక్కపోతే దాన్ని తలలో మోస్తున్న మనిషినే ఎత్తుకుపోతారు.

"టార్గెట్?"

"డాక్టర్ హైమావతి. క్షిపణి ఇంధనం ఫార్ములా మొత్తం ఆవిడ బుర్రలోనే ఉంది. ఈ మధ్యాహ్నం తను చదివిన గురజాల స్కూల్ ఫంక్షన్‌కి హెలికాప్టర్‌లో వస్తోంది."

ఆ పైన చెప్పాల్సిన పని లేదు. పల్నాడులో హెలికాప్టర్ దిగాలంటే హంగామా ఏమీ ఉండదు. స్కూల్ గ్రౌండ్‌లో సున్నంతో హెచ్ గీస్తారు, వాకీటాకీతో ఓ పోలీసాయన నిలబడతాడు, పైలట్ ఆయన మాట పట్టుకుని దిగిపోతాడు. ఊరవతల ఏ మిరప కల్లంలోనో ఇంకో హెచ్ గీసి, ఇంకో గొంతు పెడితే అక్కడే దిగుతాడు.

"నీ ఫోన్ నుంచి 'లైన్ క్లియర్' అని మెసేజ్ వస్తేనే హెలికాప్టర్ లేస్తుంది. రాకపోతే ప్రయాణం రద్దు. అక్కడ మన మనిషి వందన ఉంది. ఆవిడ అద్దెకున్న ఇంట్లోనే లీకేజీ ఎక్కువ," అన్నాడు చీఫ్.

గురజాలలో మోపెడ్ దిగేసరికి యల్లమంద కేబులోడు అయిపోయాడు. భుజాన నల్ల కేబుల్ చుట్ట, జేబులో కటింగ్ ప్లేయర్, చేతిలో లీకేజీ మీటర్. మహాలక్ష్మమ్మ గారి రెండంతస్తుల డాబా ముందు నిలబడి పిలిచాడు.

"మేడమ్, మీ టీవీలో చుక్కలొస్తున్నాయా?"

"చుక్కలేం ఖర్మ, చందమామే దిగాడు," అంది మెట్ల మీద నిలబడ్డ వందన. కోడ్ కలిసింది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. ఊరందరికీ ఆమె విత్తనాల కంపెనీ ఏరియా మేనేజర్. ఆమె సెంటు వాసన మిరప ఘాటును కూడా పక్కకు నెట్టింది.

"ఓనరమ్మ?"

"నాదెండ్లలో పెళ్లికి పంపించా. ఇల్లంతా మనదే."

మీటర్ కూత పట్టుకుని యల్లమంద కింది అంతస్తులోని మిరపకాయల గదికి చేరాడు. గోడ పొడవునా మిరప టిక్కీలు, కుట్టిన గోతాలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. కిటికీ ఊచల పక్కగా కేబుల్ లోపలికి వచ్చింది. నేలకు జానెడు ఎత్తున జాయింటు. కనెక్టర్ లేదు, పాడూ లేదు. రాగి తీగలు రెండూ మెలేసి టేపు చుట్టారంతే. సిగ్నల్ కారక ఏం చేస్తుంది? అక్కణ్ణుంచి ఆ వైరు గోడ కన్నంలోంచి పక్కింట్లోకి పోయింది.

టేపు విప్పుతూ అడిగాడు. "పక్కిల్లు ఎవరిది?"

"బసవమ్మ అని, ఓనరమ్మ తోటికోడలిది. పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేవు. చచ్చినా ఈ గుమ్మం తొక్కదు."

మాటల్లేని ఇంటికి వైరెందుకు పోతోంది? ఆ ప్రశ్న అతని నోటి దాకా వచ్చింది. అంతలో మీటర్ మళ్లీ కూసింది, ఈసారి జాయింటు వైపు కాదు, పై అంతస్తు వైపు. పైన వందన గది!

తిరిగి చూసేసరికి పిస్టల్ గొట్టం అతని ముక్కుకు ఎదురుగా ఉంది.

"సారీ, ఏజెంట్ వై. వైపర్ వాళ్లు మర్యాద తెలిసినవాళ్లు. మీ చీఫ్ నాకు కనీసం ఏసీ కూడా పెట్టించలేదు," అంది వందన.

అతను తెచ్చిన కేబుల్ చుట్టతోనే అతని చేతులు వెనక్కి విరిచి కిటికీ ఊచలకు కట్టేసింది. అతని టేపుతోనే నోరు మూసింది. కట్టిన చేతుల్లోంచి బొటనవేలు లాగి అతని ఫోన్ మీద ఒత్తింది. తెర వెలిగింది. 'లైన్ క్లియర్' అని టైప్ చేసి, అతనికి చూపించి మరీ పంపింది.

తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

యల్లమంద తన్నుకున్నాడు. కో-ఆక్సియల్ కేబుల్ తెగే రకం కాదు. అరిస్తే గొంతులోనే ఆగింది. మిరప దుమ్ముకు తుమ్ము వచ్చింది, నోరు మూసుకుపోయి ఉండటంతో అది తలలోనే పేలినట్టయింది. కళ్లు ధారలు కట్టాయి. అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో అతనికి ఆ గదిలో తెలిసింది. భయమేసింది. తన ప్రాణానికి కాదు. తన మెసేజ్ చూసి నమ్మి ఒక మనిషి హెలికాప్టర్ ఎక్కుతోంది. ఆవిణ్ణి ఈ ఉచ్చులోకి దింపుతున్నది తన పేరే.

పైనుంచి ఎవడిదో గొంతు ప్రాక్టీస్ చేస్తోంది. "దిస్ ఈజ్ గురజాల గ్రౌండ్. వెల్‌కమ్ సార్..."

వెంటిలేటర్‌లోంచి ఇంకో శబ్దం కూడా వస్తోంది. పక్కింట్లో టీవీ. మధ్యాహ్నం సీరియల్, చెవిటివాడికి కూడా వినపడేంత గట్టిగా.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు కేబుల్ కూడా ఉంది! యల్లమంద కాళ్లు మాత్రం వదులుగానే ఉన్నాయి. చెప్పు విడిచి, కాలు చాచాడు. విప్పిన జాయింటు బొటనవేలికి అందింది. లాగాడు. తీగలు విడిపోయాయి.

పక్కింట్లో టీవీ మూగబోయింది.

ఏమీ జరగలేదు. కేబుల్ పోవడం ఈ ఊళ్లో వింతేం కాదు, ఎవరూ లేచి రారు. ఊరికే పోతే కుదరదు. ఎవరో కావాలని తీస్తున్నట్టుండాలి! కాలి వేళ్లతో తీగలు మళ్లీ కలిపాడు. బొమ్మ వచ్చింది. సీరియల్‌లో అత్తగారు వణికే గొంతుతో అంటోంది, "ఆ బిడ్డ తండ్రి ఎవరో ఈరోజు చెప్పేస్తాను. అతను మరెవరో కాదు..."

యల్లమంద లాగేశాడు.

పక్కింటి దొడ్లోంచి పిడుగు పడింది.

"ఏమే గేదే! కొంతమందికి కడుపుమంట! ఇచ్చినట్టే ఇచ్చి పీకుతున్నారు చూశావటే!"

మాటల్లేని మనిషిని తిట్టాలంటే గేదెకు చెప్పాలి, అది అక్కడి పద్ధతి. పైన వందన కిటికీ దగ్గరకు వచ్చిన చప్పుడైంది. ఎవడో ఏంటని అడిగాడు. ఆమె నవ్వింది. "ఏం లేదు. ఆవిడ రోజూ తిట్టే తిట్లే. ఇటు రాదు."

దూరంగా ఆకాశంలో రెక్కల మోత మొదలైంది. యల్లమంద చెమటతో తడిసిపోయాడు. తీగలు కలిపాడు. అత్తగారు మొదటికొచ్చింది. "ఆ బిడ్డ తండ్రి..." లాగాడు. కలిపాడు. "మరెవరో కాదు..." లాగాడు.

తిట్లు ఆగిపోయాయి. గేదె కూడా అరవలేదు. అయిపోయిందనుకున్నాడు యల్లమంద.

అంతలో వెనక దొడ్డి తలుపు కిర్రుమంది. పొలాలు పంచుకోకముందు బసవమ్మ ఆ ఇంట్లోనే కాపురం చేసింది. సందులో చెయ్యి దూర్చి ఆ గడియ ఎలా తీయాలో ఆమె చేతికి తెలుసు. ధనధనమని అడుగులు దగ్గరకొచ్చాయి. మిరపకాయల గది తలుపు తెరుచుకుంది.

"వైరు పీకేది నువ్వే కదటే మహా..." అంటూ లోపలికొచ్చిన బసవమ్మ, ఊచలకు వేలాడుతున్న మనిషిని చూసి ఆగిపోయింది. అరవయ్యేళ్ల మనిషి, చేతిలో పేడ చీపురు.

"ఏందిరా ఇది? ఎవురు నువ్వు?"

టేపు ఒక్క లాగు లాగింది. మీసంలో సగం దాంతోనే పోయింది.

"పెద్దమ్మా, నాది నకరికల్లు! చేతులిప్పు. పైన దొంగలున్నారు. ఓ ఆడమనిషి ప్రాణం పోయేట్టుంది!"

"ఆ విత్తనాల పిల్లా? దాని నడక చూసినప్పుడే అనుకున్నా. మహాలక్ష్మీ ఏమైంది? దాన్నేం చెయ్యలేదు గదా?" బసవమ్మ గొంతు మారిపోయింది. ముళ్లు విప్పుతున్నదల్లా ఆగింది.

"లేదు పెద్దమ్మా, పెళ్లికి పోయింది. బాగానే ఉంది."

"పోనీలే," అని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచేసరికి అవి ఎర్రబడ్డాయి. "అయితే నా లైను పీకింది కూడా వాళ్లేనా?"

పీకింది తనేనని చెప్పే ధైర్యం ఏ ఏజెంటుకూ ఉండదు. యల్లమంద తల ఊపాడు.

ముళ్లన్నీ ఊడి, అతను తిమ్మిరెక్కిన కాలు విదిలించుకునేలోపే ఆవిడ మెట్లెక్కేసింది. కుంటుతూ వెనక పరిగెత్తాడు. హెలికాప్టర్ మోతకు ఇల్లు అదురుతోంది. పై గది తలుపు దగ్గరకొచ్చేసరికి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఓ మనిషి మైకులో అంటున్నాడు. "పర్‌ఫెక్ట్ సార్. హెచ్ మీద ఉన్నారు. కమ్ డౌన్. కమ్ డౌన్..."

కిటికీలోంచి కనిపిస్తోంది. ఊరవతల కల్లంలో తెల్లటి హెచ్, పక్కన టార్పాలిన్ కప్పిన వ్యాను. హెలికాప్టర్ గాలికి ఎండుమిరపకాయలు ఎర్రగా లేస్తున్నాయి.

వందన పిస్టల్ ఎత్తింది. "ఎవరు నువ్వు? బయటికి పో!"

బసవమ్మకు పిస్టల్ కనపళ్లేదు. కనపడింది ఒకటే. గది నిండా వైర్లు.

"ఓహో! ఊళ్లో లైన్లన్నీ ఈడికే లాక్కున్నారా! నా సీరియలే దొరికిందా మీకు?" చీపురు పారేసి, ట్రాన్స్‌మిటర్‌లోంచి వేలెడు లావున్న నల్ల వైరును రెండు చేతులా పట్టుకుని మొదలంటా పీకేసింది.

వందన గురి ఆవిడ వైపు తిరిగింది. ఆ సందులో యల్లమంద ఆమె మణికట్టు మీదకు దూకాడు. తూటా సీలింగ్ ఫ్యాన్‌కు తగిలింది. హెడ్‌ఫోన్స్ మనిషి గుమ్మం వైపు పరిగెత్తాడు. బసవమ్మ అతని చొక్కా కాలర్ పట్టుకుంది, అంతే, ఇక వాడు కదల్లేదు.

దొంగ గొంతు పోయింది. రిసీవర్‌లో అప్పటిదాకా అణగిపోయి ఉన్న అసలు గొంతు, స్కూల్ గ్రౌండ్‌లోని పోలీసాయనది, పైకి తేలింది.

"సార్! పైలట్ సార్! ఎటు పోతున్నారు సార్? అది కల్లం సార్! స్కూలు ఇటు సార్!"

నేలకు మనిషెత్తున ఉన్న హెలికాప్టర్ ఒక్క క్షణం ఊగింది. ముక్కు ఎత్తి, ఎర్రటి దుమ్ములోంచి పైకి లేచి, ఊరి మీదుగా స్కూలు వైపు తిరిగింది. యల్లమంద నేల మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. మిరప ఘాటు మీదికి నెట్టేశాడు.

పోలీసులు వచ్చి వందననూ, ఆ మనిషినీ, కల్లంలో వ్యానునూ పట్టుకుపోయాక మహాలక్ష్మమ్మ నాదెండ్ల నుంచి వచ్చింది. ఆమె కూడా అరవై దాటిన మనిషే. తన హాల్లో బసవమ్మ కూర్చుని ఉండటం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

జాయింటు తెంపేసి, వైరును రెండుగా చీల్చే స్ప్లిటర్ దగ్గర మూత బిగిస్తున్న యల్లమందను అడిగింది మహాలక్ష్మమ్మ. "ఆ వైరెందుకు తీశావబ్బాయ్? నేనే ఏయించా దాన్ని."

"సిగ్నల్ కారుతోందమ్మా. ఇక గోడ దాటించడానికి వీల్లేదు."

"మరి అది సీరియల్ ఎట్టా చూస్తది?" అనేసి నాలుక కరుచుకుంది. బసవమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి మహాలక్ష్మమ్మ టీవీ పెట్టి, రిమోట్‌ను ఇద్దరికీ మధ్యలో పీట మీద ఉంచింది. "పునఃప్రసారం ఇప్పుడే," అంది, గేదెకు కాదు, తోటికోడలికి.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "లీకేజీ ఆగిందా?"

"ఆగింది సార్. మీటర్ కూయడం లేదు."

"వెరీ గుడ్. వెంటనే బయల్దేరు. ఆగు, ఆ అరుపులేంటి? మళ్లీ చిక్కుకున్నావా?"

యల్లమంద అటూ ఇటూ చూశాడు. కుడివైపు మహాలక్ష్మమ్మ, ఎడమవైపు బసవమ్మ, ఒళ్లో కంచం. తప్పు ఆ అత్తదా కోడలిదా అని ఇద్దరూ అతని తల మీదుగా కేకలేసుకుంటున్నారు.

"అవును సార్. తీర్పు నన్నే చెప్పమంటున్నారు," అన్నాడు నెమ్మదిగా. "ఈసారి తలుపు బార్లా తీసే ఉంది. అయినా బయటపడే దారి కనపడటం లేదు."