వదులు మ్యాగజైన్

నేపర్‌విల్‌లో రాడార్ ఇంజనీర్ శశికాంత్ తన ఇంటి ముందు కారు దిగుతున్నాడు. ఎదుటి వ్యాన్‌లోంచి ఒకడు పొట్టి రైఫిల్ గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. మొదటి తూటా కారు అద్దాన్ని పగలగొట్టింది. రెండో తూటా తుపాకీలోనే ఇరుక్కుపోయింది. శశికాంత్ బతికాడు.

అది 2011 ఫిబ్రవరి. మర్నాడు అరోరాలో ఒక మాల్ పార్కింగ్‌లో, హీటర్ సరిగా పనిచేయని కారులో బ్రీఫింగ్ జరిగింది. మాట్లాడుతున్నది విజయశ్రీ, కౌంటర్ ఇంటెలిజెన్స్ చికాగో డెస్క్ చీఫ్. వింటున్నది ఏజెంట్ రఘువీర్. ఆర్మీలో తుపాకులు రిపేర్ చేసి, ఆ తర్వాత ఎన్నో మారుపేర్లతో బతికి, ఇప్పుడు మోకాళ్ల నొప్పితో మిగిలినవాడు.

శశికాంత్ కంపెనీలో రాడార్ డిజైన్లు దొంగిలించిన విదేశీ ముఠాకి విక్టర్ నాయకుడు. బుధవారం శశికాంత్ కోర్టులో సాక్ష్యం చెబితే ముఠా పని అయిపోయినట్టే. విక్టర్‌కి ఇప్పుడు అర్జెంటుగా తుపాకీ బాగుచేసి నోరు మెదపని గన్‌స్మిత్ కావాలి. గన్‌స్మిత్ వేషంలో రఘువీర్ కూర్చునే షాపుకి అతన్ని తీసుకొచ్చేది రేణు. విక్టర్‌కి కుడిభుజం, చికాగో డెస్క్‌కి డబుల్ ఏజెంట్.

"రేణుని నమ్మొచ్చా, మేడమ్?" రఘువీర్ అడిగాడు.

"నాకూ తెలీదు," అంది విజయశ్రీ. "నాకు తెలిస్తే నీకు చెప్పేదాన్ని."

ఊరి చివర అద్దె షాపులో రఘువీర్ నెరిసిన గడ్డం అంటించుకుని, దళసరి కళ్లద్దాలు పెట్టుకుని, రాజ్ అనే పేరుతో కూర్చున్నాడు. విక్టర్ వచ్చాడు. వెంట ఎర్రకోటు వేసుకున్న రేణు. ఆమె లోపలికి వస్తే సినిమా మధ్యలో లైట్లు వేసినట్టుంది. మీది ఒంగోలా అని అడిగింది. కాదు, చీరాల అన్నాడు రఘువీర్. కోడ్ సరిపోయింది.

విక్టర్ బల్లమీద పెట్టింది పిస్టల్ తూటాలు పేల్చే పొట్టి రైఫిల్. రఘువీర్ ముందు తూటాలు మార్చి పేల్చి చూశాడు. మళ్లీ జామ్. స్ప్రింగ్ మార్చాడు. ఈసారి తూటా ఇరుక్కోలేదు, అసలు లోపలికే రాలేదు. చివరికి తూటాలు నింపే డబ్బా, మ్యాగజైన్‌ని వేళ్లతో పట్టుకుని కదిపాడు. అది వదులు పన్నులా ఊగింది. దాన్ని పట్టి ఉంచే క్యాచ్ అనే చిన్న కొక్కెం అరిగిపోయింది. మ్యాగజైన్ వెంట్రుకవాసి కిందకి దిగడంతో, తూటాని ముందుకు నెట్టాల్సిన బోల్ట్ ఒక్కోసారి దాని తలమీదుగా జారిపోతోంది.

చెడగొట్టి ఇవ్వడానికి వీల్లేదు. విక్టర్ అక్కడే పరీక్షిస్తాడు. పేలకపోతే ఇంకో షాపుకి పోతాడు, జాడ దొరకదు. రఘువీర్ కొత్త క్యాచ్ బిగించాడు. భుజానికి ఆనించే రైఫిల్ మడమలో, ముఠా గూడు చూపించే ట్రాకర్ దాచాడు. వెనకనున్న ఫైరింగ్ రేంజ్‌లో విక్టర్ తెచ్చిన మ్యాగజైన్లన్నీ ఖాళీ చేశాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. ఒక మనిషిని చంపే తుపాకీ తన చేతుల్లో అంత బాగా పనిచేస్తుంటే రఘువీర్‌కి నోరు చేదెక్కింది.

విక్టర్ స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని రైఫిల్ మడమ విప్పాడు. పాతది నచ్చలేదని చెప్పి తన సంచిలోంచి ఇంకోటి తీసి బిగించాడు. ట్రాకర్ పాత ముక్కతోపాటు చెత్తబుట్టలో పడింది.

రేణు అప్పుడే తెలుగులో మాట్లాడింది. విక్టర్‌కి మాత్రం బేరమాడుతున్నానని చెప్పింది.

"అంకుల్, ఇది మళ్లీ పాడవ్వాలంటే ఏం చేయాలి?"

రఘువీర్ ఆమె ముఖం చూశాడు. అందులో ఏమీ దొరకలేదు. ఆమె విక్టర్ మనిషైతే ఈ జవాబే తన చావు. కాకపోతే శశికాంత్‌కి ఇంకో దారి లేదు. ఎవరిని నమ్మాలో ఆలోచించే ఓపిక అతనిలో ఎప్పుడో అయిపోయింది.

"పాత కొక్కెం ఇంకాస్త అరగదీసి మళ్లీ పెట్టాలమ్మా. చిన్న పిన్ను తీస్తే కొత్తది ఊడొస్తుంది, అంతే." అరిగిన ముక్కని బిల్లుతోపాటు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని లిప్‌స్టిక్ డబ్బాలో వేసుకుని, విక్టర్ చేయి పట్టుకుని వెళ్లిపోయింది.

తర్వాత రేణు నుంచి కబురు లేదు. సాక్ష్యం వాయిదా వేద్దామని విజయశ్రీ అంది. కాల్పులు జరిగినప్పటినుంచి మోటెల్ గదుల్లో దాక్కుంటున్న శశికాంత్ ఒప్పుకోలేదు.

"ఇంకెన్నాళ్లండీ ఇట్లా? చెప్పేసి ఇంటికి పోతా," అన్నాడు.

బుధవారం కోర్టు మెట్లమీద రఘువీర్ అతని పక్కనే నడిచాడు. నలువైపులా ఏజెంట్లు. రోడ్డుపక్క పూల వ్యాన్ తలుపు సర్రున జరిగింది. రైఫిల్ గొట్టం. దాని వెనక విక్టర్. రఘువీర్ శశికాంత్ మీద పడ్డాడు. పడుతూనే వీపులో తూటా కోసం ఎదురుచూశాడు.

టిక్.

విక్టర్ బోల్ట్ లాగాడు. మళ్లీ టిక్. బోల్ట్ తూటా తలమీదుగా జారి ఖాళీ చాంబర్ మీద మూసుకుంటోంది. మూడోసారి లాగేలోపు ఏజెంట్లు అతన్ని నేలకేసి నొక్కారు. వ్యాన్ స్టీరింగ్ ముందు రేణు రెండు చేతులూ పైకెత్తి కూర్చుంది. రఘువీర్‌ని చూసి తలూపింది.

శశికాంత్ ప్యాంటు దులుపుకుని కోర్టులోకి నడిచాడు.

బేడీలతో కారెక్కుతున్న విక్టర్, గడ్డం లేకపోయినా గన్‌స్మిత్‌ని గుర్తుపట్టాడు. బాగు చేశానన్నావు కదా, ఇదేనా నీ పని అని నిలదీశాడు.

ఇన్నేళ్ల సర్వీసులో తన పనితనం మీద వచ్చిన మొదటి ఫిర్యాదు అది. రఘువీర్‌కి కాస్త బాధగానే అనిపించింది.