పైపు మీద మూడు దెబ్బలు

నమ్మనివాళ్ళు ఇక్కడే పేజీ తిప్పేయండి, నాకేం నష్టం లేదు. నా ట్రాక్టరుతో నేను పీకని మొద్దు లేదు, కదపని బండ లేదు. ఓసారి బురదలో దిగబడ్డ రెండు లారీలను ఒకే గొలుసుకు కట్టి బయటికి లాగాను, తర్వాత ఆ ఇంజను వేడి మీదే టీ కాచుకున్నాను. అలాంటివాణ్ణి, ఒక తుప్పుపట్టిన పైపు దగ్గర వణికాను.

మా ఇంటి వెనక పాత మోటారు గొయ్యి ఉండేది. రెండు నిలువుల లోతు, చుట్టూ రాతి గోడ. దాని అడుగున మోటారు. మోటారు నుంచి ఇనప పైపు బయల్దేరి, గోడలోంచి దూరి, మా వంటింటి కిందుగా వచ్చి, ఇంటి ముందు పల్లంలో గట్టులోంచి తేలేది. దాన్ని లాగేసి ప్లాస్టిక్ పైపు వెయ్యాలి. ముందువైపు ట్రాక్టరుతో నేను. వెనక గోతిలో, మోటారు బోల్టులు విప్పడానికి మా బామ్మర్ది. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు.

"వాడికి గీత పడినా మీకు ఈ ఇంట్లో మెతుకు పుట్టదు," అని ఆవిడ ముందే చెప్పింది.

గోతిలోంచి ఎంత అరిచినా ఇల్లు దాటి వినబడదు. అందుకని ఒక గుర్తు కనిపెట్టాను. బామ్మర్ది పానాతో పైపు మీద కొట్టాలి. ఒక దెబ్బయితే, ఆగు. మూడు దెబ్బలయితే, నేను పైకి వచ్చేశాను, లాగు. ఇంజనీర్లు నా దగ్గర నేర్చుకోవాలి అనుకున్నాను.

మధ్యాహ్నమే గానీ మబ్బు కమ్మి సాయంత్రంలా ఉంది. గాలి లేదు. గొలుసు బిగించి, ఇంజను ఆపి, పైపుకు చెవి ఆనించి కూర్చున్నాను. తుప్పు వాసన. దాని వెనక, ఎన్నాళ్ళుగానో మూసి ఉన్న గది తెరిచినట్టు ఇంకో వాసన.

టంగ్. ఒక్కటి.

ఆగాను. చాలాసేపు ఆగాను. పైపు నా చెంపకు మంచులా తగులుతోంది.

టంగ్. టంగ్. టంగ్.

ట్రాక్టరెక్కి గేరు వేశాను. గొలుసు బిగుసుకుంది. గట్టులోంచి పైపు జానెడు ముందుకొచ్చింది. అప్పుడే మా ఆవిడ తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, తమ్ముడు వంటింట్లో నా కాళ్ళ కింద కొడుతున్నాడేంటి?"

"పైకొచ్చేశాడులే. మూడు కొట్టాడు."

ఆవిడ నావైపు అదోలా చూసింది. "పైకొచ్చినవాడు అడుగున ఉన్న పైపును ఎలా కొడతాడండీ?"

క్లచ్ తొక్కేశాను. ఇంజను ఆపేశాను. ఆ నిశ్శబ్దంలో...

టంగ్. టంగ్. టంగ్.

తొందరపెడుతున్నట్టు.

ఎలా పరిగెత్తానో తెలీదు. గోతిలో బామ్మర్ది గోడకు అతుక్కుని నిలబడి ఉన్నాడు. విరిగిన నిచ్చెన కాళ్ళ దగ్గర పడి ఉంది. మోటారు దిమ్మ మీంచి లేచి, అతని పొట్టకు బెత్తెడు దూరంలో ఆగింది. బోల్టులు ఒక్కటీ విప్పలేదు. నేను ఇంకో జానెడు లాగి ఉంటే...

"బావా," అన్నాడు. "దిగుతుంటే నిచ్చెన విరిగింది. పానా పైనే మర్చిపోయాను. అరుస్తూనే ఉన్నా..."

"మరి కొట్టిందెవర్రా?"

"నువ్వు కాదా?"

తాడేసి పైకి లాగాను. అతని కాలు గట్టు మీద పడిందో లేదో, వెనక రాతి గోడ కూలి గొయ్యి సగం నిండింది.

పానా ఎక్కడ పెట్టాడో అక్కడే, గోతి గట్టు మీద ఉంది. పొద్దున నేనే నూనె గుడ్డతో తుడిచి ఇచ్చాను. ఇప్పుడు దాని పిడి దాకా తడి మట్టి. పచ్చగా, పసుపు ముద్దలా. మా పెరట్లో ఎక్కడ తవ్వినా నల్లమట్టే.

మర్నాడు మోటారు తీయించి పైపు బయటికి లాగాను. మొదటి ముక్క నల్లమట్టితో వచ్చింది. చివరి ముక్కా అంతే. మధ్య ముక్క, వంటింటి కింద ఉన్నది, పసుపు మట్టి పూసుకుని వచ్చింది. దాని అడుగువైపు, తుప్పు రాలి తళతళలాడుతూ సొట్టలు. లెక్కపెట్టాను. ఏడు.

నేను కోతలు కోస్తున్నానంటారా? ఇప్పటికీ మా ఇంటికొస్తే వరండా దాటి లోపల అడుగుపెట్టని మనిషి ఒకడున్నాడు. ఆ పానా రాత్రిళ్ళు ఇంకెవరి చేతికీ చిక్కకుండా నడుముకు కట్టుకునే పడుకుంటాడు. మొదటిరోజే కడిగేసిన మట్టి, రోజూ పొద్దున లేచేసరికి మళ్ళీ అంటుకుని ఉంటోందట. వెళ్ళి అడగండి. అసలు పేరు చెబితే ఎవరికీ తెలీదు, పానా మావయ్య అనండి, ఇల్లు చూపిస్తారు.