వంకర బిరడా

"విషం. విస్కీలో. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి" అన్నాడు చీఫ్ కల్నల్ ప్రాథరో, ఫైలు మూస్తూ.

ఏజెంట్ ఇన్నెస్ మక్‌ఫీ నవ్వలేదు. చీఫ్‌కి హాస్యమాడే అలవాటు లేదని పదిహేనేళ్ళ సర్వీసులో అతనికి బాగా తెలిసింది.

"స్కాట్లండ్ పడమటి తీరంలో ఆర్డ్‌వాన్ దీవి. కిల్‌డరన్ డిస్టిలరీ. ఆరు దేశాల రక్షణ మంత్రులు వస్తున్నారు. వాళ్ళకోసం పాతికేళ్ళ సింగిల్ మాల్ట్ విస్కీ పీపా ఒకటి తెరుస్తారు. దాన్ని మార్చేసి విషం పీపా పెట్టాలని శత్రు ముఠా పన్నాగం. వెళ్ళి ఆపు."

"నేనే ఎందుకు సర్?"

"నీ సొంతూరు కదా. సుంకాల ఆఫీసరు వేషంలో వెళ్ళు. ఎవరికీ అనుమానం రాదు."

వేషమట, వేషం! ఆ దీవిలో కుక్కలు కూడా ఇన్నెస్‌ను చూస్తే తోకాడిస్తాయి. రేవులో దిగీ దిగగానే గోదాముల పెద్ద టొర్కిల్ ఎదురొచ్చి అతని టోపీ పీకేశాడు.

"సుంకాల ఆఫీసరువా నువ్వు? మా విస్కీ తాగీ తాగీ చివరికి మా మీదే పన్ను వేస్తావట్రా?"

తల్లీ తండ్రీ పోయాక ఇన్నెస్‌ను పెంచింది ఈ మేనమామే. పీపా దొర్లించడం నేర్పిందీ ఆయనే. పావు టన్ను బరువుండే నిండు పీపాను పట్టాల మీద దొర్లిస్తే, అది ఆగినచోట, పొట్ట మీది కన్నానికి కొట్టిన బిరడా సరిగ్గా నడినెత్తిన ఉండాలి. ఆగాక తిప్పడానికి వీల్లేదు, కాబట్టి దొర్లించకముందే అంచనా కట్టుకోవాలి. పద్దెనిమిదేళ్ళప్పుడు ఇన్నెస్ అంచనా తప్పాడు. మంత్రులకోసం తెరవబోయే పీపా అదే. పాతికేళ్ళుగా ఏడో గోదాములో, బిరడా నాలుగు వేళ్ళు పక్కకి ఒరిగి, అలాగే ఉంది.

"చూడు నీ ఘనకార్యం" అన్నాడు టొర్కిల్ దాన్ని తడుతూ. "చూసినప్పుడల్లా నా చెయ్యి దురద పెడుతుంది."

"బయటికి లాగి మళ్ళీ దొర్లించలేకపోయావా మామా?"

"దొర్లిస్తే నీ గుర్తేముంటుందిరా, వెధవా!"

ఇన్నెస్ ఆ బిరడాను వేలితో నిమిరాడు.

గోదాముకు రెండు తాళాలు. ఒక తాళంచెవి సుంకాల ఆఫీసరుది, రెండోది టొర్కిల్‌ది. రెండూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. ఇన్నెస్ రెండు రోజులు తన తాళంచెవిని జేబులోంచి తియ్యలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వియన్నా నుంచి ఇలోనా దిగింది. పైకి విస్కీ కొనే షావుకారు. లోపల ముఠా మనిషి. ఇంకా లోపల లండన్ మనిషి. అందం సంగతి చెప్పనక్కర్లేదు, రేవులో ఇద్దరు జాలర్లు వలలు వదిలేసి చూశారు.

"దేవతలు తమ వాటా తాగారా?" అంది.

"ఈ ఏడు కాస్త ఎక్కువే తాగారు" అన్నాడు ఇన్నెస్. పీపాలోంచి ఏటా ఆవిరైపోయే విస్కీని అక్కడ దేవతల వాటా అంటారు. కోడ్ సరిపోయింది.

ఆమె లిప్‌స్టిక్ తీసి, మూతలోని వైర్‌లెస్‌ను చెవి దగ్గర పెట్టుకుంది. "విషం పీపా పడవలో వస్తోంది. రెండింటికి ఉత్తరపు రేవుకు చేరుతుంది. త్వరగా వెళ్ళండి!"

గోదాము శుభ్రం చేయించాలన్న మామ చేతిలో తాళంచెవి పెట్టి ఇన్నెస్ పరిగెత్తాడు. సొంత మేనమామను కాక ఇంకెవర్ని నమ్ముతాడు!

పడవ దొరికింది. పీపా దొరికింది. ముగ్గురికి బేడీలు పడ్డాయి. గండం గడిచిందనుకుంటూ ఇన్నెస్ సరిగ్గా నాలుగింటికి గోదాములో అడుగుపెట్టాడు. మంత్రులు ఆరుగురూ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. పక్కన చీఫ్. టొర్కిల్ పొడవాటి రాగి గొట్టంతో పీపాలోంచి విస్కీ తీసి పోస్తున్నాడు.

ఇన్నెస్ చూపు పీపా మీద పడింది. బిరడా తీసిన కన్నం నడినెత్తిన ఉంది. సరిగ్గా నడినెత్తిన.

ఇది ఆ పీపా కాదు. బయటివాళ్ళు పెట్టి ఉంటే కన్నం ఎటో ఒకవైపు పడి ఉండేది. ఇంత కచ్చితంగా ఆపగల చెయ్యి దీవి మొత్తం మీద ఒక్కటే. తను పొరబడి ఉంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంది.

మంత్రులు గ్లాసులు పైకెత్తారు.

"ఆగండి! మొదటి గుటక గోదాముల పెద్దది. మా ఊరి ఆచారం!"

అలాంటి ఆచారమేదీ లేదు. ఆ సంగతి అక్కడ ఇద్దరికే తెలుసు. టొర్కిల్ మేనల్లుడి కళ్ళలోకి చూశాడు. ఒక గ్లాసు అందుకున్నాడు. అంచు పెదవికి తగలబోతుండగా ఇన్నెస్ ఒక్క దెబ్బతో గ్లాసును ఎగరగొట్టాడు.

"ఎవరూ తాగకండి!"

ఆరు గ్లాసులూ దిగాయి. కాపలావాళ్ళు టొర్కిల్ రెక్కలు పట్టుకున్నారు.

"వంకరగానే పెడదామని రెండుసార్లు దొర్లించాన్రా" అన్నాడాయన నెమ్మదిగా. "చెయ్యి రాలేదు."

"నా తాళంచెవితో మామా! నన్ను పడవ మీదికి తోలి, నా చెవితోనే తలుపు తీశావా?"

"పడవలోది వట్టి నీళ్ళ పీపా. ఆ పిల్లకీ అబద్ధమే చెప్పించాం. మరి నువ్వు చేసిందేమిట్రా? సోమవారం నుంచి డిస్టిలరీ మూత. దీవి మొత్తం సబ్‌మెరైన్ల స్థావరం. ఆ సంతకాలకే కదా వీళ్ళొచ్చింది? వాళ్ళతో కలిసి మమ్మల్ని అమ్మేశావుగా!"

"నాకు తెలీదు మామా. ఒట్టు."

ఇన్నెస్ చీఫ్ వైపు తిరిగాడు. ఆయన బూటు మీద పడిన విస్కీని కర్చీఫుతో తుడుచుకుంటున్నాడు.

"నీ మిషన్‌కి ఆ వివరం అనవసరం అనుకున్నాం" అన్నాడు తలెత్తకుండా.

పెంచిన చెయ్యీ, జీతమిచ్చిన చెయ్యీ ఒకే పూట మోసం చేస్తే మనిషి ఎవర్ని తిట్టుకోవాలి! మామను తీసుకుపోతుంటే ఇన్నెస్ పిలిచాడు. ఆయన వెనక్కి తిరగలేదు.

పావుగంట తర్వాత మంత్రులు ఆరుగురూ ఆఫీసు గదిలో టీ తాగి సంతకాలు పెట్టారు. బిస్కెట్లు మాత్రం కాస్త మెత్తబడ్డాయని ఒకాయన నొచ్చుకున్నాడట.