పిచ్చుక గేటు

చర్చి గంట ఎనిమిది కొట్టేసరికి బెరిల్ తండ్రికి ఓట్స్ జావ తాగించి, గడ్డం గీసి, మోకాళ్ల మీద దుప్పటి సర్దింది. పన్నెండేళ్లుగా ఇదే వరస. ఈ పన్నెండేళ్లలో విల్ఫ్రెడ్ కూతురితో ఆడిన మాటలన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు. టీ, కిటికీ, కాలు నొప్పి. అంతే.

అదే తొమ్మిదింటికి తమ్ముడి భార్య హిలరీ నోటుపుస్తకం పట్టుకుని వస్తే చాలు, ముసలాయనకి నోరు ఆగేది కాదు. ఊరి హాలు కోసం నెదర్‌కోంబ్ చరిత్ర రాస్తోంది హిలరీ. ఏ పొలాన్ని ఏమని పిలిచేవారు, ఏ గుర్రం ఎక్కడ కాలు విరగ్గొట్టుకుంది, వంతెన కొట్టుకుపోయిన ఏడాది ఎవరెవరు చర్చిలో తలదాచుకున్నారు, అన్నీ ఆమెకే చెప్పేవాడు. వంటింట్లో గిన్నెలు కడుగుతూ బెరిల్ వినేది. పట్నం నుంచి వచ్చి ఆరేళ్లు కాలేదు, దీనికా మా నాన్న చెప్పేది అనుకునేది.

ఆ రోజు హిలరీ అచ్చుకి వెళ్లే కాగితాలు తెచ్చి, తప్పులుంటే చూసిపెట్టమని అడిగింది. బెరిల్‌కి కావలసిందదే. ఎర్ర పెన్సిలు చెక్కుకుని మరీ కూర్చుంది. పొలాల పటం దగ్గర ఒక తప్పు దొరికింది. మిల్లు వెనక పొలం మీద ‘పిచ్చుక గేటు’ అని ఉంది. దాని పేరు ‘పొడుగు చెక్క’ అని ఊళ్లో పసిపిల్లకైనా తెలుసు. అడ్డంగా కొట్టేసి, పక్కన ‘కల్పితం’ అని రాసి, తీసుకెళ్లి తండ్రి ముందే మరదలి ఒళ్లో పడేసింది.

“అరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను, ఆ పేరెప్పుడూ వినలేదు. అల్లుకోవాలని ఉంటే కథలు రాసుకో హిలరీ. చరిత్రెందుకు నీకు?”

హిలరీ మొహం ఎర్రబడింది. “నేనేం అల్లలేదు వదినా. మావయ్య చెప్పిందే రాశాను.”

“చెప్పే ఉంటాడులే. నీకు చెప్పినట్టు నాకెందుకు చెబుతాడు? కాళ్లు కడిగేదాన్నేగా నేను.”

విల్ఫ్రెడ్ చెయ్యి చాపి ఆ కాగితం ఇమ్మన్నాడు. ఎర్రగీత వైపు చూశాడు.

“నువ్వెలా వింటావే. అది గుర్రాల వెనక దున్నుతూ మేం మగాళ్లం అనుకున్న పేరు. మా ఎవరి దగ్గరా గడియారం ఉండేది కాదు. నాలుగింటికి మీ అమ్మ టీ క్యాను ఇచ్చి నిన్ను పంపేది. నువ్వొచ్చి ఆ పొలం గేటెక్కి కూర్చునేదానివి, ఇంత ఉండేదానివి. ‘పిచ్చుక వాలిందిరా’ అని ఒకడు కేకేసేవాడు. ఎక్కడి నాగళ్లు అక్కడ ఆపేసేవాళ్లం.”

బెరిల్ చేతికి ఆ క్యాను వేడి తగిలినట్టయింది.

“మరి నాకెందుకు చెప్పలేదు నాన్నా?”

“నీకు చెప్పడమేంటే? నువ్వు అక్కడే ఉన్నావుగా. లేనివాళ్లకి కదా చెప్పాలి.”

రబ్బరుతో ఎంత రుద్దినా ఎర్రగీత పోలేదు, కాగితం మాత్రం మాసింది. కొట్టేసిన మాట మళ్లీ ఉంచాలంటే కింద చుక్కలు పెడితే చాలని హిలరీ మెల్లగా చెప్పి, ఈ పూట టీ తను పెడతానని వంటింట్లోకి వెళ్లింది.

బెరిల్ తండ్రి పక్కన కూర్చుని ఆ పేరు కింద ఒక్కొక్క చుక్కా పెట్టింది. కళ్లనిండా నీళ్లు. ఆ చుక్కలు పిచ్చుకకి చల్లిన గింజల్లా ఉన్నాయి.