పటిక రోట్లో కరక్కాయ

"ఈ కరక్కాయ పొడి మీరే దంచారా అండీ?" అని మొదటిరోజే పోలీసులా అడిగింది వర్షిణి. పెడనలో మా కలంకారీ షెడ్డు గుమ్మంలో నిలబడి, డబ్బా మూత తీసి వాసన చూసి మరీ.

"నేనేనండీ. నమ్మకం లేకపోతే బజార్లో కొనుక్కోండి," అన్నాను.

నవ్వింది. అంతే, నా పొగరు దిగిపోయింది.

ఆమె బందరులో మైక్రోబయాలజీ రీసెర్చ్ చేస్తోంది. మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా కరక్కాయ రసానికైనా చస్తుందా అని ఏడాదిన్నరగా చూస్తోంది. ఈసారీ ఫలితం రాకపోతే టాపిక్ మార్చుకోమన్నారు వాళ్ల గైడు.

ఓ సాయంత్రం ఫోన్ చేసింది. "శ్రీనివాస్ గారూ, మీ కరక్కాయ రసం చుట్టూ ఒక్క బ్యాక్టీరియా మిగల్లేదండీ. ప్లేట్‌లో ఇంత పెద్ద ఖాళీ వలయం ఎప్పుడూ రాలేదు. రేపు పదింటికి సెమినార్‌లో చూపిస్తున్నాను."

ఆ సంతోషం తెల్లారేదాకానే. పొద్దున్నే నాన్న రోట్లో పటిక దంచుతూ కనిపించారు. కరక్కాయా మేం ఆ రోట్లోనే దంచుతాం. మధ్యలో కడగం. రెండూ చివరికి ఒకే గుడ్డకి పట్టించేవేగా అని. పటిక కూడా క్రిముల్ని చంపుతుందని గడ్డం గీసుకునే ప్రతివాడికీ తెలుసు.

ఆ వలయం పటికదే కావచ్చు. చెబితే ఆమె సెమినార్ పోతుంది, మళ్లీ నా మొహం చూడదు. చెప్పకపోతే అంతమందిలో ఆమెతో అబద్ధం చెప్పించినవాణ్ణవుతాను.

ఆమె ఫోన్ ఎత్తట్లేదు. వానలో బస్సు నత్తనడక నడుస్తోంది. కాలేజీ మెట్ల దగ్గర ఆమెని పట్టుకునేసరికి సెమినార్‌కి పది నిమిషాలే ఉన్నాయి. తడిసిన చొక్కాతో ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె మొహం పాలిపోయింది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదండీ."

"అందుకే వచ్చానండీ."

వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. గైడుని వారం గడువు అడిగిందట. కొత్త మిక్సీ జార్‌లో పట్టిన పొడి పంపాను. "అందింది" అని ఒక్క మెసేజ్. ఆ వారం నాకు అన్నం సయించలేదు.

ఎనిమిదో రోజు ల్యాబ్ బయటికి పిలిచి ప్లేట్ చూపించింది. వలయం సగానికి తగ్గింది.

"సారీ అండీ," అన్నాను.

"ఎందుకు? సగమైనా ఇది కరక్కాయదే. గైడు కూడా ఒప్పుకున్నారు."

వెళ్లబోయి ఆగాను. "ఇంకోటి కూడా చెప్పాలండీ. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె ప్లేట్ మూత జాగ్రత్తగా సరిచేసింది.

"ఆదివారం మా నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. ఆయనకీ ఇలాగే చెప్పండి. కాకపోతే ఈసారి తడవకుండా రండి."