హేతుసఖి నేర్చుకున్నది

ఉప్పాడ తీరాన్ని సముద్రం మింగేసి రెండు తరాలైంది. చేపలవాళ్ళంతా నీళ్ళ మీద తేలే ఊళ్ళోనే పుడుతున్నారు, అక్కడే పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. ఆ ఊరి కాన్పుల కేంద్రం ఎప్పుడూ కాస్త ఊగుతూనే ఉంటుంది. కొత్త నర్సులకి మొదటి వారమంతా వాంతులే. హెడ్ నర్సు ఇందుమతి మాత్రం ఇరవై రెండేళ్ళుగా అక్కడ చేతిలో టీ కప్పు తొణక్కుండా నడుస్తోంది.

ఆ ఏడు ఆవిడ కాలు నేల మీద ఆనడం లేదు. కారణం హేతుసఖి.

మామూలు కంప్యూటరు రోగికి ఏం చేయాలో చెబుతుంది. హేతుసఖి ఎందుకు చేయాలో కూడా చెబుతుంది. రోగిని చూడగానే మంచి నర్సు మనసులో ఒక ఆలోచన నడుస్తుంది కదా, క్లినికల్ రీజనింగ్ అంటారే, దానికి హేతుసఖిని తయారుచేసిన డాక్టర్ శేషఫణి 'హేతుగతి' అని పేరు పెట్టాడు. దాన్ని పట్టుకోడానికి ఆరేళ్ళు ఇందుమతి చెవి వెనక శనగగింజంత సెన్సర్ ఉంచాడు. ఆవిడ ఎవరి మంచం దగ్గర ఆగింది, ఎవర్ని దాటిపోయింది, ఏ మాట విని చెయ్యి వేసి చూసింది, అన్నీ అది నేర్చుకుంది. వచ్చే నెల దాన్ని నలభై కేంద్రాలకి పంపుతారు. నలభై చోట్లా తన బుర్రే పనిచేస్తుందంటే ఎవరికి మాత్రం గర్వం ఉండదు?

ఆ మధ్యాహ్నం మూడో మంచంలో నూకరత్నం కేకలు పెడుతోంది. ఆడపిల్లని కని రెండు గంటలైంది.

"సిస్టరమ్మా, కింద లోపల ఏదో ఒత్తేస్తందండి. కూర్చోలేకపోతన్నానండి."

ఇందుమతి గోడమీది తెర వైపు చూసింది. సంరక్షణ ప్రణాళికలో హేతుసఖి రాసింది: కాన్పు తర్వాతి నొప్పి, సాధారణం, ఓదార్చాలి.

"కాన్పయ్యాక అందరికీ ఉండేదేనమ్మా. అంత అరిస్తే పక్కవాళ్ళు పడుకోవద్దూ?" అని దుప్పటి సర్ది వెళ్ళిపోయింది.

ఇంకో గంటకి కేకలు ఆగాయి. హమ్మయ్య అనుకుంటూ వచ్చి చూస్తే నూకరత్నం పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అప్పుడు దుప్పటి ఎత్తింది. బయటికి నెత్తురు లేదు. లోపల గడ్డకట్టి పిడికిలంత వాపు. ఇందుమతి డ్యూటీ డాక్టర్ని పిలిచి, మంచం తనే తోసుకుంటూ ఆపరేషన్ గదికి పరిగెత్తింది. నాలుగు సీసాల నెత్తురెక్కించాక గానీ ప్రాణం దక్కలేదు.

సాయంత్రం శేషఫణి ఎదుటే హేతుసఖిని అడిగింది. "నూకరత్నం నాడి వేగం పెరుగుతోందని నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు," అంది హేతుసఖి. గొంతు యంత్రానిదే గానీ ఆ వరస అచ్చం ఇందుమతిది. "కానీ ఇలాంటి చోట మీరు ఆగరు. ఆరేళ్ళలో గట్టిగా కేకలేసిన తల్లులు మూడువందల పన్నెండు మంది. ఎవరి దుప్పటీ ఎత్తి చూడలేదు. 'వీళ్ళింతే, అన్నిటికీ అరుస్తారు' అన్నారు. దాన్నే హేతువుగా తీసుకున్నాను."

ఇందుమతికి తల ఎత్తాలనిపించలేదు.

"కంగారుపడకండి సిస్టర్," అన్నాడు శేషఫణి. "ఆ నిర్ణయాలన్నీ చెరిపేస్తాను. రిపోర్టులో సెన్సర్ లోపమని రాద్దాం. మీ పేరు ఎక్కడా రాదు."

ప్రాణం లేచొచ్చినట్టయింది ఆవిడకి. అలా అయినందుకు మరుక్షణమే తన మీద తనకే అసహ్యమేసింది. నేరుగా మూడో మంచం దగ్గరికి వెళ్ళింది.

నూకరత్నం కళ్ళు తెరిచి నీరసంగా నవ్వింది. "అరిచి మిమ్మల్ని ఇసిగించేసేనండి. ఏమనుకోకండి సిస్టరమ్మా. మీరు లేపోతే నా పిల్ల తల్లి లేనిదైపోయేదండి."

ఇందుమతి ఆ చెయ్యి పట్టుకుని, "తప్పు నాదమ్మా. నువ్వు చెప్పినప్పుడే చూడాల్సింది. చూళ్ళేదు," అంది. నూకరత్నానికి అర్థం కాలేదు. మర్యాదకి అన్న మాటే అనుకుని ఇంకా నవ్వుతూనే ఉంది.

ఇందుమతి శేషఫణి దగ్గరికి వెనక్కొచ్చింది. "ఏదీ చెరపొద్దు డాక్టరుగారూ. నా పేరుతోనే రాయండి." తెర వైపు తిరిగింది. ఒక్కటి తెలుసుకోకపోతే ఇంటికెళ్ళి అన్నం తినలేననిపించింది. "సఖీ, ఆ మూడువందల పన్నెండు మందిలో నిజంగా ప్రమాదంలో ఉన్నవాళ్ళు ఎంతమంది?"

హేతుసఖి ఎప్పుడూ ఆలస్యం చెయ్యదు. అప్పుడూ చెయ్యలేదు.

"తెలీదు. మీరు చూడలేదు కదా."