దేవుడి పొయ్యి

అద్దాల గదిలో రెండు రబ్బరు చేతులు పొయ్యి మీద పప్పు పొంగించాయి. తడి తుడుచుకోకుండానే స్విచ్చి నొక్కాయి. వైరు పట్టుకుని పొయ్యిని గట్టు చివరిదాకా ఈడ్చాయి. బయట నిలబడి చూస్తున్న గుత్తుల వీరభద్రానికి తన బిడ్డనే ఎవరో చెంపలు వాయిస్తున్నట్టుంది.

"మరీ అంత మొరటుగానాండీ?" అన్నాడు.

"మీ ఇంట్లో సుతారంగా వాడతారా?" అంది డాక్టర్ తాయారు.

వీరభద్రం ఆలోచించాడు. "లేదండి. మా ఆవిడ అట్లకాడతో కూడా కొడుతుంది."

"అదీ ఉంది. ఐదో ఏట వస్తుంది."

ఆ చేతుల యంత్రం పేరు గృహిణి. అమ్మలారా, అయ్యలారా, కాస్త దగ్గరికి జరగండి, దాని సంగతి ముందు చెప్పాలి. ఆ కాలంలో కరెంటుతో నడిచే ఏ వస్తువైనా ప్రమాణాల సంస్థ ముద్ర పడందే అంగడికెక్కేది కాదు. పూర్వం ల్యాబుల్లో వస్తువుని ఇంత ఎత్తు నుంచి పడేసి, ఇన్ని నీళ్లు చల్లి, అంతా పుస్తకం ప్రకారం పరీక్షించేవారు. మన ఇళ్లలో పుస్తకం ప్రకారం బతికేదెవరు చెప్పండి? అందుకే తాయారు పన్నెండేళ్లు తపస్సు చేసి గృహిణిని పుట్టించింది. ఒప్పుకున్న వెయ్యి వంటిళ్లలో కెమెరాలు పెట్టి, మనుషులు వస్తువుల్ని ఎలా వాడతారో దానికి చూపించింది. పదేళ్ల కాపురం అది మూడు రోజుల్లో చేసేస్తుంది. మొదటిరోజు వంటలు, రెండోరోజు కడగడాలు, మూడోరోజు పండగలు. కావలసిన సామాను కూడా అదే అడుగుతుంది.

వీరభద్రం తెచ్చిన పొయ్యి పేరు సుగంధి. దానికి ముక్కుంది. పైన జల్లెడలాంటి బెజ్జాలు, వాటి కింద సెన్సర్. పోపు మాడబోతుంటే వాసన పట్టి దానంతటదే వేడి తగ్గించుకుంటుంది. సామర్లకోటలో ఒక రేకుల షెడ్డులో నూట నలభై మంది ఆడవాళ్లు బిగించిన సరుకది. దసరాలోగా ముద్ర పడకపోతే ఆ షెడ్డుకి తాళమే. ఇంతకు ముందు ఇలాంటి ముక్కే ఉన్న రెండు చిన్న మోడళ్లు పాత పరీక్షలతోనే నెగ్గి, ఊళ్లలో అమ్ముడయ్యాయి. ఇదీ నెగ్గుతుందని వీరభద్రం మీసం మీద చెయ్యి తియ్యలేదు.

రెండు రోజులు గడిచాయి. సుగంధి చెక్కు చెదరలేదు. మూడోరోజు గారెలయ్యాయి, బొబ్బట్లయ్యాయి.

"నిన్న పది కొబ్బరికాయలడిగింది," అంది తాయారు. "పచ్చడికనుకున్నాను."

పచ్చడికి కాదు. రబ్బరు చేతులు పొయ్యికి పసుపు రాసి బొట్టు పెట్టాయి. కర్పూరం తిప్పాయి. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు భక్తిగా పొయ్యి మీద పోశాయి. ఆయుధపూజ! బెజ్జాల్లోంచి నీళ్లు లోపలికి దిగాయి. గదిలో ఎర్రదీపం వెలిగింది. పొయ్యి ఒంటినిండా కరెంటు.

వీరభద్రం ముఖం కందగడ్డయింది. "ఇదన్యాయమండీ! కొబ్బరినీళ్ల పరీక్ష ఏ దేశంలో ఉంది? నియమం చూపించండి."

"లేదు," అంది తాయారు నెమ్మదిగా. "లేదు కాబట్టి రేపే మీకు ముద్ర వేసెయ్యొచ్చు. వెయ్యమంటారా?"

వీరభద్రం చూపు ఎర్రదీపం మీదికి పోయింది.

"ఒక్కటడుగుతాను. మీ షెడ్డులో సరుకు లారీకెత్తే ముందు మొదటి పొయ్యికి పూజ చేస్తారా?"

"చెయ్యకుండానా! మొదటిది స్వామిదండి. మా మంగాయత్త పూజగదిలో పెట్టి, స్విచ్చి వేసి, కొబ్బరికాయ కొట్టి నీళ్లు పోస్తుంది. ఇంక దాన్ని మనిషన్నవాడు ముట్టుకోడు. పూజవగానే దాని స్విచ్చి దీపం టప్పున ఆరిపోతుంది. స్వామి పుచ్చుకున్నాడని మేం చప్పట్లు..." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. "దసరా వెళ్లిన వారమంతా రిపేరుకొచ్చిన పొయ్యిలతో మా మెకానిక్కులకి ఊపిరాడదండి. దిష్టి అనుకునేవాళ్లం."

"స్వామి పుచ్చుకోలేదండీ. ఫెయిల్ చేశాడు. ముట్టుకోకూడదన్న మీ నియమమే మీవాళ్లని కాపాడింది. కొన్నవాళ్లకి ఆ నియమం లేదు."

గదిలో కొబ్బరిచిప్ప ఇంకా దొర్లుతూనే ఉంది. వీరభద్రం దాన్నే చూశాడు. నూట నలభై మందీ కళ్లముందు నిలబడ్డారు. వాళ్ల వెనక, పొయ్యి మీద చెయ్యి వేయబోతున్న ఎవరో ముక్కూ మొహం తెలియని ఇల్లాలు.

"ముద్ర వెయ్యకండి," అన్నాడు. "అమ్మిన పొయ్యిలన్నీ వెనక్కి తెప్పిస్తాను. వారం రోజులివ్వండి."

పరువు పోయిందనుకుంటారా? కాదు తల్లీ, వీరభద్రం నిజంగా తలెత్తుకు నిలబడింది ఆరోజే.

ఆరు రోజులు ఏ మూత పెట్టినా పొయ్యికి వాసన తెలియలేదు. మూత తీస్తే నీళ్లు దిగాయి. ఏడోనాడు సోమవారం. గుడికెళ్లాడు. బిందెలకి బిందెలు అభిషేకం జరుగుతోంది. లింగం చుట్టూ పానవట్టం ఆ నీళ్లనన్నిటినీ పోగుచేసి ఒక్క మూలనుంచి బయటికి పంపేస్తోంది. శివుడు కళ్లెదుటే చూపిస్తుంటే ఇన్నాళ్లూ తీర్థం తాగి వచ్చేశానే అనుకుని, ప్రసాదం కూడా తీసుకోకుండా షెడ్డుకి పరిగెత్తాడు. బెజ్జాల కింద పానవట్టంలాంటి పళ్లెం, దాని నడుమ ఎత్తుమీద సెన్సర్, ఒక పక్కకి చిన్న తూము అమర్చాడు.

గృహిణి పది కొబ్బరికాయలూ కొట్టింది. నీళ్లన్నీ తూములోంచి కిందికి కారాయి. ఎర్రదీపం వెలగలేదు. ముద్ర పడింది. ప్రమాణాల పుస్తకంలో కొబ్బరినీళ్ల నియమం కొత్తగా చేరింది. ఎక్కడో సముద్రాల అవతల పొయ్యిలు చేసే కంపెనీ ఒకటి, కాయ లేతదా ముదురుదా అని ఉత్తరం రాసింది. పూజకి పనికొచ్చేది అని తాయారు జవాబు రాసింది.

దసరా ముందురోజు లారీ సిద్ధంగా ఉంది. తాయారు కూడా వచ్చింది. మంగాయమ్మ మొదటి పొయ్యికి పూజచేసి కొబ్బరినీళ్లు పోసింది. అందరూ దీపం వంక చూశారు.

దీపం ఆరలేదు.

నూట నలభై ముఖాలు వాడిపోయాయి. "స్వామి పుచ్చుకోలేదే!" అంది ఒకావిడ. "లారీ కదలకూడదు," అంది ఇంకొకావిడ. వీరభద్రం తూము చూపించాడు. తాయారు కరెంటు సంగతి విడమరిచి చెప్పింది. ఒక్కరు వింటే ఒట్టు.

"మేడమ్ గారూ, మీ చదువు మీది. మా స్వామి మా స్వామి," అన్నారు.

మంగాయమ్మ మాత్రం ఆ వెలుగుతున్న దీపాన్ని కాసేపు చూసింది. "బియ్యం, బెల్లం పట్రండే," అంది.

"ఎందుకత్తా?" అన్నాడు వీరభద్రం.

"ఇన్నాళ్లూ పనికిరాని పొయ్యిలిచ్చాం, పక్కన పడేశాడు. ఇవాళ పనికొచ్చేదిచ్చాం. వండుకుంటాడేమో, నీకేం తెలుసు?"

పరమాన్నం ఉడికింది. అడుగంటబోయే వాసన పట్టి పొయ్యి తనంతట తానే వేడి తగ్గించుకుంది. షెడ్డంతా గోవిందలు కొట్టింది. లారీ కదిలింది.

అప్పటినుంచీ అక్కడ అదే ఆచారం. ముద్ర పడితే చాలదు, మొదటి పొయ్యి మీద పరమాన్నం ఉడకాలి. ఆ మొదటిరోజు విస్తరాకు దొన్నె పట్టుకుని తాయారు కూడా వరసలో నిలబడింది. పన్నెండేళ్ల కష్టానికి ఫలమైన ముద్ర ఎలా పడిందోనని పొయ్యి వంక తొంగి చూసింది.

కనబడలేదు. సరిగ్గా దాని మీదే మంగాయమ్మ ఇంత కుంకుమబొట్టు పెట్టేసింది.